టైరో తెలుగా, నోటో సెరిఫ్ తెలుగా? పుస్తకానికి ఫాంటు తేల్చుకునే పద్ధతి

తెలుగు పుస్తకానికి ఫాంటు వెతకడం మొదలుపెడితే చాలానే కనిపిస్తాయి. శీర్షికలకే పనికొచ్చేవి, గుండ్రంగా ఒకే లావున సాగేవి, చేతిరాతలా ఉండేవి తీసేస్తే వచనానికి నిలబడేవి కొన్నే. అందులో రెండు ఉచితంగా దొరుకుతాయి, తెలుగుతో పాటు ఇంగ్లీషు సెరిఫ్ అక్షరాలనూ వెంట తెస్తాయి. అవి టైరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు. తెర మీద పెట్టి చూస్తే రెండూ బాగానే ఉంటాయి. తేడా తెలిసేది కాగితం మీద, అదీ వరుస కింద ఒత్తులు పడేచోట. అక్కడ చూడకుండా ఫాంటు ఎంచుకుంటే రెండో ప్రూఫు వచ్చాక పుస్తకమంతా మళ్ళీ కదిలించాల్సి వస్తుంది.

ముందు మాట అర్థం తేల్చుకుందాం. సెరిఫ్ అంటే ఇంగ్లీషు అక్షరం కాళ్ళ చివర, చేతుల చివర ఉండే చిన్న గీత. మన అక్షరాలకి అలాంటిది లేదు, తలకట్టు దానికి బదులు కాదు. తెలుగు ఫాంటుకి సెరిఫ్ అని పేరు పెడితే అర్థం ఇది: గీత అంతా ఒకే లావున ఉండదు, తిరిగేచోట సన్నబడి, నిండుగా సాగేచోట లావవుతుంది. దాని పక్కన ఉండే ఇంగ్లీషు కూడా సెరిఫ్ కుటుంబానిదే. సన్నగీత ఎక్కడుందో అక్కడే అచ్చులో తంటా వస్తుంది కనక పరీక్షంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

లెక్కలన్నిటికీ ఇక్కడ ఒకే పనిని తీసుకుంటున్నాం. హైదరాబాద్ పేటల చరిత్ర మీద 160 పేజీల పుస్తకం. డెమీ 1/8 సైజు, అంటే సుమారు 5.5 × 8.5 అంగుళాలు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువు) ఎన్ఎస్ (నేచురల్ షేడ్, అంటే మరీ తెల్లగా లేని) మ్యాప్‌లిథో కాగితం, లోపల ఒకే రంగు, 1000 కాపీలు. ఫుట్‌నోట్లు ఉన్నాయి, అక్కడక్కడా ఇంగ్లీషు పేర్లు ఉన్నాయి.

1. ఫాంటు తెరవకముందు మేటర్ (అచ్చుకి వెళ్ళే రాత) తెరవండి

వ్రాతప్రతి మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, ఎన్ని రకాల అక్షరం కావాలో ఒక కాగితం మీద రాసుకోండి: అధ్యాయం పేరు, ఉపశీర్షిక, వచనం, ఉటంకింపు, పద్యం, ఫుట్‌నోటు, ఫోటో కింద వాక్యం, పట్టిక. పక్కనే ఒక ప్రశ్న కూడా రాసుకోండి: వాక్యం మధ్యలో మాటని బోల్డ్ చేయాల్సిన అవసరం ఉందా?

ఈ ఒక్క ప్రశ్నకే సగం పని తేలిపోతుంది. టైరో తెలుగులో ఉన్నవి రెండే రూపాలు, మామూలుది, ఇటాలిక్‌ది. బోల్డ్ లేదు. నోటో సెరిఫ్ తెలుగులో అతి సన్నం నుంచి అతి లావు దాకా తొమ్మిది లావులున్నాయి, ఇటాలిక్ లేదు. టైరో కుటుంబం పుట్టింది హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారి మూర్తి క్లాసికల్ లైబ్రరీ కోసం చేయించిన ఫాంటుల నుంచి. అంటే ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో అనువాదం, నిదానంగా చదువుకునే పుస్తకం అన్నమాట. బోల్డ్ అవసరం అక్కడ తక్కువ. నోటో కుటుంబం లోకంలోని లిపులన్నిటికీ ఫాంటులు అందించాలన్న గూగుల్ ప్రయత్నంలో భాగం. అది తెర మీదా కాగితం మీదా, చిన్నపనికీ పెద్దపనికీ ఆనాలి.

కథలు, వ్యాసాలు, కవిత్వం, ఆత్మకథ అయితే ఒక లావు చాలు. ఉపశీర్షికని సైజుతో, పైన వదిలే ఖాళీతో వేరు చేయొచ్చు. పాఠ్యపుస్తకం, మాన్యువల్, చట్టాల సంకలనం, పట్టికలున్న నివేదిక అయితే నోటోతోనే మొదలుపెట్టండి, టైరోతో కుస్తీ అనవసరం.

బోల్డ్ లేని ఫాంటుకి బోల్డ్ బటన్ నొక్కితే ఏమవుతుందో తెలుసుకోవాలి. వర్డ్, లిబ్రెఆఫీస్ లాంటివి గీత చుట్టూ ఇంకాస్త నలుపు పూసి దొంగ బోల్డ్ తయారుచేస్తాయి. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ అలా చేయదు కనక కొందరు అక్షరానికి 0.25 పాయింట్ (పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు) స్ట్రోక్, అంటే చుట్టుగీత, తగిలిస్తారు. రెండింట్లోనూ థ, ఠ లోపలి చుక్కలు గీతకి అంటుకుంటాయి, ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఇది కుదరని పని. టైరో వాడుతూ బోల్డ్ తప్పనిసరి అనిపిస్తే శీర్షికలకి వేరే ఫాంటు పెట్టండి, వచనాన్ని మాత్రం లావెక్కించకండి.

2. మేటర్ శుభ్రం చేయండి

హైదరాబాద్‌లో డీటీపీ (కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని) మేటర్ ఇప్పటికీ అను అనే పాత తెలుగు ఫాంటుల్లో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో రావడం మామూలే. అది యూనికోడ్ కాదు, అంటే ప్రతి అక్షరానికీ ఏ కంప్యూటరులోనైనా ఒకే అంకె ఉండే పద్ధతి కాదు. ఈ రెండు ఫాంటులూ యూనికోడ్‌వి. మార్పిడి చేశాక ఈ మూడు తప్పులు వెతకండి, ఇవి లేని ఫైలు అరుదు.

విసర్గ బదులు కోలన్: ‘దుఃఖం’ అని ఉండాల్సిన చోట ‘దు:ఖం’ అని ఉంటుంది. పాత ఫాంటులో తేడా తెలియదు. కొత్త ఫాంటులో కోలన్ చుక్కలు ఇంగ్లీషు కొలతలో వచ్చి చిన్నగా, కిందకి దిగి కనిపిస్తాయి.

సున్న బదులు అంకె: ‘ం’ ఉండాల్సిన చోట తెలుగు అంకె ‘౦’ గానీ, ఇంగ్లీషు సున్న గానీ పడుతుంది. కంటికి దాదాపు ఒకటే, కాని వెతికితే మాట దొరకదు, ఫాంటు మార్చగానే ఎత్తు మారిపోతుంది.

మూడోది పొల్లు. ‘బాగ్‌లింగంపల్లి’లో గకారపొల్లు పొల్లుగానే నిలవాలంటే దాని తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘బాగ్లింగంపల్లి’ అయిపోతుంది. అఫ్జల్‌గంజ్, సాఫ్ట్‌వేర్, క్రాస్‌రోడ్స్ అన్నీ ఈ కోవే. మన నగరం పేర్లలో ఉర్దూ మాటలు ఎక్కువ కనక ఈ గుర్తు పేజీకి నాలుగైదు చోట్ల తగులుతుంది. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలో ఇన్‌సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అందులో అదర్ అన్నచోట నాన్ జాయినర్ ఉంటుంది.

ఇవి సరిచేయకుండా ఫాంటుల్ని పోల్చితే మేటర్ తప్పులు ఫాంటు తప్పుల్లా కనిపిస్తాయి.

3. సాఫ్ట్‌వేర్ సరిగా ఉందో లేదో చూడండి

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. లేకపోతే ఒత్తులు కలవవు, ‘స్త్రీ’ మూడు ముక్కలై పొల్లులతో నిలబడుతుంది. దాన్ని చూసి ‘ఈ ఫాంటు పనిచేయడం లేదు’ అని తీసేసేవాళ్ళు చాలామంది. ఫాంటులో లోపమేమీ లేదు. లిబ్రెఆఫీస్‌లో తెలుగు ఫాంటు పేరు ఇంగ్లీషు ఫాంటు గడిలో కాకుండా సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, మనలాంటి లిపులకి ఉన్నది) గడిలో ఇవ్వాలి. వర్డ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడి వేరుగా ఉంటుంది, సైజు కూడా అక్కడే విడిగా ఇవ్వాలి.

నోటో డౌన్‌లోడ్ చేస్తే లావులన్నీ కలిసి ఉండే వేరియబుల్ ఫైలు ఒకటి, స్టాటిక్ అనే ఫోల్డరులో లావుకొక ఫైలు చొప్పున విడివిడిగా వస్తాయి. అచ్చు పనికి స్టాటిక్ ఫైళ్ళే పెట్టుకోండి. రెండూ ఒకేసారి ఎక్కిస్తే ఫాంటు జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపించి ఏది వాడారో మీకే తెలియకుండా పోతుంది.

4. పరీక్ష పేజీ: అసలు తీర్పు ఇక్కడే

అచ్చు పుస్తకం కొలతలతోనే ఒక పేజీ చేయండి. అందులో సగం మీ మేటర్‌లోంచి తీసిన మామూలు వచనం. మిగతా సగం కింది మాటలు. వచనం ఒక్కటే పెడితే సరిపోదు, ఎందుకంటే కష్టమైన అక్షరాలు ఇరవై పేజీలకొకసారి వస్తాయి, వచ్చినప్పుడే పేజీ చెడుతుంది.

మొదట లోతు. తార్క్ష్యుడు, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, మాహాత్మ్యం, రాష్ట్రం. ఒత్తు కింద ఒత్తు పడేచోట ఫాంటు రెండు దారుల్లో ఒకటి పడుతుంది: రెండో ఒత్తుని కిందకి దించుతుంది, లేదా పక్కకి జరుపుతుంది. కిందకి దించితే పైవరుస ఒత్తు కిందివరుస గుడిని తాకుతుంది. పక్కకి జరిపితే మాట వెడల్పవుతుంది. ఏ ఫాంటు ఏ మాటలో ఏం చేసిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి.

తర్వాత పక్కవాటా. ‘మధ్యప్రదేశ్’ అని పెద్దగా, 72 పాయింట్లలో వేసి చూడండి. ‘ధ్య’లోని య ఒత్తు కుడివైపుకి సాగుతుంది. దాని వెంటనే వచ్చే ‘ప్ర’లో ర ఒత్తు ఎడమవైపు నుంచి మొదలవుతుంది. ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. మంచి ఫాంటు ‘ప్ర’ని కాస్త జరిపి దారి ఇస్తుంది, కాని ఎక్కువ జరిపితే మాట రెండుగా విరిగినట్టు కనిపిస్తుంది. ‘న్యగ్రోధం’ కూడా ఇదే జాతి. తాకిడి ఉందా లేదా అన్నది 72 పాయింట్లలో తెలుస్తుంది. మాట విరిగినట్టుందా లేదా అన్నది 12 పాయింట్లలో చేయి చాచి పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. రెండూ చూడాలి.

ఇక ఐత్వం. ‘స్త్రైణం’ ఒక్క అక్షరంలో స, దాని కింద త ఒత్తు, ర ఒత్తు, పైన ఎత్వం, మళ్ళీ కింద ఐత్వపు ముక్క ఉంటాయి. తెలుగు లిపిలో ఇంతకంటే ఇరుకు చోటు తక్కువ. ‘త్రైమాసికం’ దానికంటే కొంచెం నయం, వాడుకలో ఎక్కువ. ఐత్వపు ముక్క ఒత్తుకి అతుక్కుపోయిందా, దూరంగా తేలుతోందా చూడండి.

చివరికి పోలికలు, అంటే చిన్నసైజులో ఒకటి మరొకటిగా కనిపించే అక్షరాలు. ర-ఠ, ద-థ-ధ, డ-ఢ, ప-ఫ-వ, బ-భ, త్త-త్న. వీటిని 9 పాయింట్లలో, ఫుట్‌నోటు సైజులో వేయండి. ‘కోఠి’ అని ఆ సైజులో పది సార్లు రాసి చూడండి. ఠ లోపలి చుక్క సిరాలో మునిగితే అది ‘కోరి’ అవుతుంది. పేటల చరిత్రలో ఆ ఒక్క చుక్క పోతే ఫుట్‌నోటు అబద్ధం చెబుతుంది. ‘మెత్తన’, ‘యత్నం’ పక్కపక్కన పెట్టి త ఒత్తు, న ఒత్తు వేరువేరుగా తెలుస్తున్నాయో లేదో చూడండి. చుక్క మూసుకుపోతే ఫాంటు మార్చకముందు ఫుట్‌నోటుని 9.5కి పెంచి ఇంకోసారి చూడండి, అర పాయింటు చాలా పనిచేస్తుంది.

5. సైజులు సమం చేసి పోల్చండి

12 పాయింట్ల టైరో పక్కన 12 పాయింట్ల నోటో పెట్టి పోల్చడం అందరూ చేసే పొరపాటు. పాయింటు సైజు అక్షరం ఎత్తు కాదు, అక్షరం కూర్చునే పెట్టె ఎత్తు. ఆ పెట్టెలో ఎవరి అక్షరం ఎంత ఉందో ఫాంటు చేసినవాళ్ళ ఇష్టం. పెద్దగా కనిపించే ఫాంటు ఎప్పుడూ స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది, చిన్నది అన్యాయంగా ఓడిపోతుంది.

తలకట్టు లేని అక్షరం ఒకటి తీసుకోండి, ‘ల’ గానీ ‘బ’ గానీ. రెండు ఫాంటుల్లోనూ 100 పాయింట్లలో వేసి, అవుట్‌లైన్‌గా, అంటే ఉత్త బొమ్మగా, మార్చి ఎత్తు కొలవండి. ఉదాహరణకి ఒకదానిలో 46 పాయింట్లు, మరోదానిలో 50 పాయింట్లు వచ్చాయనుకుందాం. అప్పుడు మొదటిదాని 12 పాయింట్లకి రెండోదానిలో సమానం 12 × 46 ÷ 50, అంటే సుమారు 11 పాయింట్లు. మీకు వచ్చిన అంకెలతో ఈ లెక్క వేసి, ఆ సైజుల్లోనే పరీక్ష పేజీ మళ్ళీ తీయండి. చాలాసార్లు మొదట నచ్చినది ఇక్కడ మారిపోతుంది.

ఏ సైజు పాఠకుడి కంటికి అలవాటో తెలియాలంటే పాత అచ్చు చూడాలి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో గానీ, సుల్తాన్ బజారులో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంలో గానీ కూర్చుని సీసపు అక్షరాలతో అచ్చయిన పుస్తకాలు నాలుగు తిరగేయండి. స్కేలు వెంట తీసుకెళ్ళండి, పది వరుసల ఎత్తు కొలిచి పదితో భాగించండి. తెలుగు వచనానికి వరుసల మధ్య ఎంత గాలి ఉండాలో ఆ అంకెలు చెప్పినంత బాగా ఏ సలహా చెప్పదు.

6. లీడింగ్, ఫారాలు, ఖర్చు

లీడింగ్ అంటే ఒక వరుస నుంచి తర్వాతి వరుసకి ఉండే దూరం. 12 పాయింట్ల తెలుగుకి 17 నుంచి 18 పాయింట్ల లీడింగ్ దగ్గర మొదలుపెట్టండి. ఇంగ్లీషు అలవాటుతో 14.4 వదిలేస్తే ఒత్తులూ గుడులూ కొట్టుకుంటాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆటో లీడింగ్ వాడొద్దు, అంకె మీరే ఇవ్వండి. పరీక్షకి పైవరుసలో ‘రాష్ట్ర’ అని, కిందివరుసలో ‘కీ ధీ’ అని వరసగా నింపండి. తాకని అతి తక్కువ లీడింగ్ ఎంతో చూసి, దానికి అర పాయింటు కలపండి.

ఇలాంటి ఒకటీ అరా పాయింట్ల తేడాలోనే డబ్బు ఉంది. మన పుస్తకంలో అచ్చు ఎత్తు 7 అంగుళాలు, అంటే 504 పాయింట్లు. 16.8 లీడింగ్ అయితే పేజీకి 30 వరుసలు, 18 అయితే 28. 160 పేజీలు × 30 వరుసలు = 4800 వరుసలు. అదే మేటర్ 28 వరుసల పేజీలకి 172 పేజీలవుతుంది. ఒక షీటు రెండు వైపులా అచ్చువేసి మడిస్తే వచ్చేది ఫారం, డెమీ 1/8లో ఫారానికి 16 పేజీలు. 160 అంటే సరిగ్గా 10 ఫారాలు, 172 అంటే 11 ఫారాలు, చివర 4 పేజీలు ఖాళీ. ఒక ఫారం పెరిగితే 1000 కాపీలకి 1000 షీట్లు, అంటే రెండు రీములు, పైన వేస్టేజీ, ఇంకో రెండు ప్లేట్లు, ఇంకో మడత. పెద్ద మెషిను మీద 32 పేజీలు కలిపి వేసే ప్రెస్సయితే లెక్క వేరు, ముందే అడగండి.

కనక పోటీ ‘ఏది అందంగా ఉంది’ అన్నది మాత్రమే కాదు. సమానమైన కంటిసైజులో, తాకిడి లేని లీడింగ్‌లో ఏది ఎన్ని పేజీలకి వస్తుంది అన్నది కూడా. ఒక అధ్యాయం మొత్తం రెండింటిలోనూ పోసి వరుసలు లెక్కపెట్టండి. ఆ తేడాని పుస్తకం మొత్తానికి లెక్కేసినా ఫారం పెరగకపోతే ఖర్చుని పక్కనపెట్టి కంటినే నమ్మండి.

ఇంకొక విషయం జస్టిఫికేషన్, అంటే వరుసల రెండంచులూ సమంగా నిలపడం. 4.25 అంగుళాల వరుసలో తెలుగు మాటలు ఏడెనిమిది పడతాయి. మన మాటలు పొడుగు. ‘చేసుకోవాల్సివచ్చినప్పటికీ’ లాంటిది వరుస చివర పట్టకపోతే మిగతా మాటల మధ్య గుంతలు పడతాయి. వెడల్పైన ఫాంటులో గుంతలు ఎక్కువ. మాట విరవాల్సి వస్తే అక్షరం దగ్గర విరవండి, ఒత్తుని దాని అక్షరం నుంచి విడదీయకండి.

7. పక్కనున్న ఇంగ్లీషు

రెండు ఫాంటుల్లోనూ ఇంగ్లీషు ఉంది, రెండూ సెరిఫే. ఒకే వాక్యంలో తెలుగు మాట, ఇంగ్లీషు మాట, 1908 లాంటి సంవత్సరం పెట్టి చూడండి. అంకెలు ముందుకి పొడుచుకొచ్చినట్టున్నాయా, తెలుగులో కలిసిపోయాయా? చరిత్ర పుస్తకంలో పేజీకి పది సంవత్సరాలుంటాయి, కన్ను ముందు వాటి మీదే పడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల పేర్లు ఇటాలిక్‌లో పెట్టే గ్రంథసూచి ఉంటే టైరోకి మొగ్గు, నోటోలో దానికి వేరే ఫాంటు తెచ్చుకోవాలి. తెలుగు అక్షరాన్ని మాత్రం వాలుగా పెట్టొద్దు. ఆ అలవాటు మన అచ్చులో తక్కువ, మాటని ఎత్తి చూపాలంటే ఉటంకింపు గుర్తులు చాలు. సంస్కృతం, ఉర్దూ పేర్లని అక్షరం మీద అడ్డగీత, కింద చుక్కలతో రోమన్‌లో రాసే పద్ధతి మీ పుస్తకంలో ఉంటే ఆ గుర్తులన్నీ వరసగా టైపు చేసి ఏ ఒక్కటీ వేరే ఫాంటులోకి జారిపోలేదని నిర్ధారించుకోండి.

8. అచ్చు కాగితం మీద, పగటి వెలుతురులో

మీ ప్రెస్సు వాడబోయే కాగితమే నాలుగు షీట్లు అడిగి తెచ్చుకోండి. తెల్లటి జెరాక్సు కాగితం మీద తీసిన ప్రింటు మోసం చేస్తుంది. లేజరు ప్రింటరు టోనరు గీతని కాస్త లావు చేసి చూపిస్తుంది. ఆఫ్‌సెట్‌లో సిరా కాగితంలోకి ఇంకి అంచులు పరుచుకుంటాయి, దాంతో ఒత్తుల లోపలి ఖాళీలు తగ్గుతాయి. ప్లేటు బలహీనంగా ఉన్నా, సిరా తక్కువైనా ఉల్టా జరిగి సన్నగీతలు తెగిపోతాయి. అందుకే పరీక్ష పేజీలో సన్నగీత మరీ వెంట్రుకలా కనిపించే సైజుకి దిగకండి. నోటోలో ఇలా జరిగితే రెగ్యులర్ వదిలి మీడియం తీసుకోవచ్చు. టైరోలో ఆ వెసులుబాటు లేదు, సైజే పెంచాలి.

పీడీఎఫ్ పంపేముందు ఏ రంగు ఏ ప్లేటు మీదకి వెళ్తుందో విడదీసి చూపే సెపరేషన్స్ ప్రివ్యూలో వచనం నలుపు ప్లేటు ఒక్కదాని మీదే ఉందో లేదో చూడండి. వర్డ్ నుంచి వచ్చిన నలుపు ఒక్కోసారి నాలుగు రంగులుగా విడిపోతుంది. అట్ట వెనక నల్లని నేల మీద తెల్ల అక్షరాలు వేస్తున్నట్టయితే వచనం ఫాంటు ఏదైనా సరే అక్కడ నోటో మీడియంగానీ సెమీబోల్డ్‌గానీ వాడండి. చుట్టూ ఉన్న సిరా సన్నగీతల్ని మింగేస్తుంది.

ఛత్తా బజారులో అచ్చయ్యే శుభలేఖకైతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అక్షరాలు 18, 24 పాయింట్లలో ఉంటాయి, నున్నటి కార్డు మీద సన్నగీత చక్కగా నిలుస్తుంది. అక్కడ ఏది మనసుకి నచ్చితే అదే.

ప్రింట్లని పేరు లేకుండా ఒకటి, రెండు అని గుర్తుపెట్టి ముగ్గురికివ్వండి, ఒకరు అరవై దాటినవారై ఉండాలి. ‘ఏది బాగుంది’ అని అడక్కండి. రెండు పేజీలు పైకి చదవమనండి. ఎక్కడ ఆగారో, ఏ మాట తప్పు చదివారో రాసుకోండి.

9. తేల్చాక

మన పేటల చరిత్రలాంటి పుస్తకానికి, మేటర్‌లో బోల్డ్ లేకపోతే, పరీక్షలన్నీ దాదాపు సమంగా తేలితే టైరో తీసుకోండి. వచనంలో దాని నడక నిదానంగా ఉంటుంది, ఇంగ్లీషు ఇటాలిక్ చేతిలోనే ఉంది. ఫుట్‌నోట్ల చుక్కలు ఆ కాగితం మీద నిలవకపోతే, లేదా ఉపశీర్షికలు మూడు అంతస్తులు దాటితే నోటో. ఒకే పేజీలో వచనానికి ఇదీ ఫుట్‌నోటుకి అదీ కలపొద్దు, రెండు రకాల తెలుగు చేతిరాతలు కొట్లాడినట్టుంటుంది.

రెండింటికీ ఉన్నది ఓపెన్ ఫాంట్ లైసెన్సే. అమ్మకానికి పెట్టే పుస్తకంలో వాడొచ్చు, పీడీఎఫ్‌లోనూ ఈ-పుస్తకంలోనూ పొదగొచ్చు, రుసుము లేదు. ఫాంటు ఫైలుని మాత్రం విడిగా అమ్మకూడదు.

వాడిన ఫాంటు ఫైళ్ళు, వాటి వెర్షన్ అంకె, వచనం సైజు, లీడింగ్, ఫుట్‌నోటు సైజు ఒక చిన్న ఫైల్లో రాసి పుస్తకం ఫోల్డరులోనే ఉంచండి. రెండో ముద్రణకి ఇంకో కంప్యూటరులో కొత్త వెర్షన్ ఉంటే వరుసలు కదిలి, విషయసూచికలోని పేజీ అంకెలు తప్పుతాయి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ తెరిచి ప్రతి ఫాంటు పక్కనా ఎంబెడెడ్ (ఫైల్లోనే పొదిగి ఉంది) అని ఉందో లేదో చూశాకే ప్రెస్సుకి పంపండి. అక్కడ గౌతమి, నిర్మల లాంటి విండోస్ ఫాంటు పేరు కనిపిస్తే ఏదో ఒక పేరాకి స్టైలు తగల్లేదని అర్థం, ఇన్‌డిజైన్‌లోని ఫైండ్/రీప్లేస్ ఫాంట్‌తో వెతికి మార్చండి.